తెర మీది అంకె ఎక్కడిది?



ఒకప్పుడు మన ఇళ్లలో షేర్ల మాట ఎత్తేవారే తక్కువ. పోస్టాఫీసు పుస్తకం, ఎల్.ఐ.సి. పాలసీ, బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్, పిల్ల పెళ్లికని దాచిన నాలుగు కాసుల బంగారం, అంతటితో సరి. షేర్ల ధరలు ఇంగ్లీషు దినపత్రికలో ఒక పేజీ నిండా చీమల బారులాగా అచ్చయ్యేవి. కళ్లద్దాలు సవరించుకుని ఆ పేజీ చదివేవారు వీధికి ఒకరుంటే గొప్ప. ఇప్పుడా చీమల బారు మొత్తం మన అరచేతిలోని ఫోనులోకి వచ్చి కూర్చుంది. ఏ కంపెనీ పేరు కొట్టినా దాని పదేళ్ల అమ్మకాలు, లాభాలు, అప్పులు, యజమానుల వాటా క్షణంలో కళ్ల ముందుంటాయి.

మంచిదే. కానీ ఈ సౌకర్యంతోపాటు ఒక కొత్త మాట కూడా ఇంట్లోకి వచ్చింది. పదవీ విరమణ చేసిన మాస్టారుగారికి గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము చేతికి అందుతుంది. ముప్పై అయిదేళ్ల చాకిరీ అది. అల్లుడు పక్కన కూర్చుని ఫోను తెరిచి, "మామయ్యగారూ, ఈ కంపెనీకి అప్పు లేదు, లాభం ఏటేటా పెరుగుతోంది, షేరు కూడా చవకగా ఉంది. ఇదిగో, ఇందులో చూపిస్తోంది" అంటాడు. అల్లుడు చెడ్డవాడు కాదు, మామగారి మేలు కోరే చెబుతున్నాడు. ఆ "ఇందులో చూపిస్తోంది" అనే మాట గురించే ఈ నెల నాలుగు సంగతులు రాయాలని కూర్చున్నాను. ఫోను చూపించే అంకెను అక్కడ ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? దేన్ని చూసి పెట్టారు? ఈ మూడూ అడగకుండానే చాలా ఇళ్లలో చెక్కు మీద సంతకం పడిపోతోంది.

ముందుగా ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కడ పుట్టాయో కొంచెం చూద్దాం. అమెరికాలో సాలమన్ బ్రదర్స్ అనే సంస్థ నుండి ఉద్యోగం పోయిన మైకేల్ బ్లూంబర్గ్, తనకు ముట్టిన సొమ్ము పెట్టుబడిగా 1981లో ఒక చిన్న కంపెనీ మొదలుపెట్టాడు. బాండ్ల ధరలు, లెక్కలు ఒకే తెర మీద చూపించే యంత్రం తయారుచేసి బ్యాంకులకు అద్దెకివ్వడం ఆయన వ్యాపారం. అదే తరువాత బ్లూంబర్గ్ టెర్మినల్‌గా లోకమంతా వ్యాపించింది. ఇప్పుడు దాని అద్దె మనిషికి ఏడాదికి పాతిక వేల డాలర్ల పైమాటే. మన దేశంలో కంపెనీల లెక్కలన్నీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్న సంస్థల్లో 1976లో ముంబయిలో పుట్టిన సి.ఎమ్.ఐ.ఇ. ముఖ్యమైనది. దాని ప్రోవెస్ అనే భాండాగారాన్ని విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవారు నేటికీ వాడుతున్నారు. సామాన్యుడికి ఇవేవీ అందేవి కావు. ఇప్పుడు స్క్రీనర్, మనీకంట్రోల్, వాల్యూ రీసెర్చ్ వంటివి ఆ సమాచారంలో చాలా భాగాన్ని ఉచితంగానే చూపిస్తున్నాయి. ఒక పల్లెటూరి పోస్టుమాస్టరు ముంబయి దలాలు చూసే అంకెలనే చూడగలగడం చిన్న విషయం కాదు. ఆ మేలును మేలుగానే ఒప్పుకుందాం.

అయితే ఖరీదైన తెర మీద కనిపించే అంకె నిజమని, ఉచితంగా కనిపించేది అనుమానించదగినదని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడం ఎంత పొరపాటో చూపడానికి మన హైదరాబాదులోనే జరిగిన సంగతి ఒకటుంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

2009 జనవరి 7, బుధవారం. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో కంపెనీ దగ్గర నగదు, బ్యాంకు నిల్వల కింద 5,361 కోట్ల రూపాయలు ఉన్నట్టు చూపించగా, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ ఉత్తరం సారాంశం. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని, దాని మీద లాభం 649 కోట్లని ప్రకటించారు. నిజానికి ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. అంటే వంద రూపాయల వ్యాపారం మీద 24 రూపాయలు మిగులుతున్నట్టు లోకానికి చూపించి, లోపల మూడు రూపాయలతో కాలం గడిపారన్న మాట. ఆ ఒక్క రోజులోనే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఊడిపోయింది.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. జనవరి 6 సాయంత్రం దాకా ఆ 5,361 కోట్లు ప్రపంచంలోని ప్రతి ఆర్థిక సాఫ్ట్‌వేరులోనూ అలాగే ఉన్నాయి. లక్షల అద్దె కట్టే లండను బ్యాంకు తెర మీదా అదే అంకె, అమీర్‌పేట నెట్ సెంటరులో ఉచితంగా చూసినవాడి తెర మీదా అదే అంకె. సాఫ్ట్‌వేరు ఏ తప్పూ చేయలేదు. కంపెనీ దాఖలు చేసిన కాగితంలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా దానినే ఎత్తి రాసింది. బ్యాంకుకు వెళ్లి ఆ డబ్బు ఉందా లేదా అని తలుపు తట్టి అడగడం దాని పని కాదు. ఆడిటరు సంతకం పెట్టాడు, కంపెనీ దాఖలు చేసింది, డేటా కంపెనీ ఎక్కించింది, మనం చూశాం. ఇంతమంది చేతులు మారి వచ్చేసరికి అది దేవాలయపు గోడ మీద చెక్కిన శాసనంలాగా కనిపించింది.

ఇందులో ఇంకొక చిత్రం ఉంది. కంపెనీ సొంత బిల్లుల సాఫ్ట్‌వేరులోనే ఏడు వేలకు పైగా దొంగ బిల్లులు పుట్టించారని దర్యాప్తులో తేలింది. ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా కల్పించినవే. అంటే ఒక కంప్యూటరులో పుట్టిన అబద్ధాన్ని వేల కంప్యూటర్లు నమ్మకంగా మోసుకొచ్చి మనకు అందించాయి.

అయితే ఆ సాఫ్ట్‌వేర్లలో ఏ సూచనా లేదా అంటే, ఒకటుంది. సత్యంలో వ్యవస్థాపకుల సొంత వాటా 2001లో పాతిక శాతానికి పైగా ఉండేది. 2008 నాటికి అది తొమ్మిది శాతం లోపుకు దిగింది. ఈ సంగతి దాచినదేమీ కాదు, మూడు నెలలకొకసారి స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చే వాటాల పట్టికలో ఉన్నదే. లాభం అంకె కంపెనీ వారు తమ గురించి తాము చెప్పుకునే మాట. వాటా పట్టిక మాత్రం వారు తమ సొంత సొమ్మును ఏం చేస్తున్నారో చూపుతుంది. ఒక హోటలు యజమాని రుచి గురించి ఎంత చెప్పినా, తాను మాత్రం మధ్యాహ్నం భోజనం ఎదురు హోటలులో చేసి వస్తుంటే మనం రెండోసారి ఆలోచిస్తాం గదా!

మరొకటి. వ్యవస్థాపకులు తమ షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారన్న విషయం అప్పట్లో బయట పెట్టనవసరం లేదు. ఈ గొడవ తరువాత, 2009 జనవరి చివరలో సెబీ దానిని తప్పనిసరి చేసింది. నేడు మీరు ఏ ఉచిత సాఫ్ట్‌వేరు తెరిచినా, యజమానుల షేర్లలో ఎంత శాతం తాకట్టులో ఉన్నదో చూపే గడి ఉంటుంది. ఆ గడి వెనుక మన ఊరి కథ ఉంది. కొనేవారిలో ఎక్కువమంది దానిని చూడకుండానే దాటిపోతారు. అల్లుడుగారిని మొదట అక్కడ వేలు పెట్టి చూపించమనండి.

ఇక మోసం ఏమీ లేకపోయినా, నిజమైన అంకెలే మనిషిని తికమక పెట్టే సందర్భాలు అనేకం. ఒకే కంపెనీని రెండు యాప్‌లలో చూస్తే ఒకదానిలో పి.ఇ. 18 అని, మరొకదానిలో 24 అని ఉంటుంది. పి.ఇ. అంటే తెలియనివారి కోసం ఒక మాట. కంపెనీ ఒక్కొక్క షేరు మీద ఏడాదికి సంపాదించే రూపాయికి మనం ఎన్ని రూపాయలు ధర ఇస్తున్నామో చెప్పేది అది. రెండు యాప్‌లలో ఏది తప్పు అని అడుగుతారు. చాలాసార్లు రెండూ తప్పు కావు. ఒకటి కంపెనీ ఒక్కదాని లాభాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. రెండవది దాని అనుబంధ కంపెనీల లాభనష్టాలను కూడా కలిపి చూస్తుంది. ఉమ్మడి కుటుంబంలో తండ్రి కొట్టు లెక్క ఒకటి, కొడుకుల కొట్లు కూడా కలిపిన లెక్క ఒకటి. రెండూ నిజమే, కానీ పిల్లనిచ్చేవాడు ఏ లెక్క చూస్తున్నాడో అతనికి తెలియాలి.

ఇందుకు పెద్ద ఉదాహరణ 2021 మార్చి 31న జరిగింది. నిఫ్టీ సూచీకి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి తానే రోజూ పి.ఇ. ప్రకటిస్తుంది. అంతవరకు కంపెనీల విడి లెక్కలతో కట్టేది. ఆ రోజు నుండి అనుబంధ సంస్థలను కలిపిన లెక్కలతో కట్టడం మొదలుపెట్టింది. ముందు రోజు 40కి పైన ఉన్న అంకె మర్నాటికి 33 చుట్టూ వచ్చింది. మార్కెట్టు ఏమీ చవక కాలేదు, కొలిచే గిన్నె మారిందంతే. ఆ తేదీ తెలియనివాడు నేడు పాతికేళ్ల గీతను తెర మీద చూస్తే, అక్కడొక లోయ కనబడి, "అబ్బ, అప్పుడు కొని ఉంటే ఎంత బాగుండేది" అనుకుంటాడు. పాత అంకెలను కొత్త అంకెలతో పోల్చి "ఇప్పుడు చవక" అని తేల్చేవారిని నేటికీ చూస్తున్నాను. వారు చదువుకున్నవారే సుమా.

చవక అన్న మాట వచ్చింది గనుక ఇంకొక లెక్క. ఒక కంపెనీ ఏటా పది కోట్లు లాభం చేస్తుందనుకోండి. షేర్లన్నిటి విలువ కలిపి 300 కోట్లు. అంటే పి.ఇ. 30. ఒక ఏడు ఆ కంపెనీ ఊరి మధ్యనున్న పాత ఫ్యాక్టరీ స్థలం అమ్మితే 40 కోట్లు మిగిలాయి. ఆ ఏటి లాభం 50 కోట్లయింది. షేరు ధర మారలేదు, కానీ సాఫ్ట్‌వేరులో పి.ఇ. 6 అని పడింది. "పి.ఇ. పదికి తక్కువున్న కంపెనీలన్నీ చూపించు" అని అడిగితే ఇది పట్టికలో పై వరుసలోనే వస్తుంది. కొన్నవాడు బంగారం దొరికిందని మురుస్తాడు. మరుసటి ఏడు అమ్మడానికి ఇంకొక స్థలం లేదు, లాభం మళ్లీ పది కోట్లే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇలాంటి ఒక్కసారి రాబడిని విడిగా తీసి చూపిస్తాయి, కొన్ని కలిపేస్తాయి. మీది ఏ రకమో తెలుసుకోవాలంటే ఒక్కటే మార్గం. కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, లాభనష్టాల పట్టికలో "అసాధారణ అంశాలు", "ఇతర ఆదాయం" అన్న రెండు వరుసలు చూడాలి. నివేదికకు దారి ఆ సాఫ్ట్‌వేరులోనే, కంపెనీ పేజీ కింది భాగంలో ఉంటుంది. అరగంట పని. మూడు వందల పేజీలూ చదవమనడం లేదు.

బోనస్ షేర్ల విషయంలో ఇళ్లల్లో జరిగే కంగారు చెప్పాలంటే వేరే వ్యాసం అవుతుంది. కంపెనీ ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే షేర్ల సంఖ్య రెట్టింపు, ధర సగం. వంద నోటు ఇచ్చి రెండు యాభైలు తీసుకున్నట్టు. కానీ ధర సగం కావడం ఒక రోజు పొద్దున్నే జరిగిపోతుంది, కొత్త షేర్లు మన ఖాతాలోకి రావడానికి మధ్యలో సమయం పడుతుంది. ఆ నడుమ కొన్ని యాప్‌లు ఎర్ర అక్షరాలతో "50 శాతం నష్టం" అని చూపిస్తాయి. భార్యాభర్తలు మాట్లాడుకోకుండా భోజనం చేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. భయపడి ఆ రోజే అమ్ముకున్నవారికి మాత్రం బోనస్ షేర్లు తరువాత నిదానంగా వచ్చి చేరాయి. చేతిలో సగం మిగిలింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దీనికి తిరగేసిన తమాషా పాత ధరల గీతల్లో కనిపిస్తుంది. ఇన్ఫోసిస్ 1993లో ప్రజలకు షేర్లు ఇచ్చినప్పుడు ఒక్కొక్కటి 95 రూపాయలు. నేడు సాఫ్ట్‌వేరులో వెనక్కి జరిపి చూస్తే అప్పటి ధర రూపాయిలో పదో వంతు కూడా కనిపించదు. తొమ్మిది పైసలకు ఎవరూ ఇన్ఫోసిస్ షేరు కొనలేదు. మధ్యలో ఇచ్చిన బోనస్‌లు, చేసిన విభజనలు అన్నీ కలిపితే అప్పటి ఒక్క షేరు 2018 నాటికి 1,024 షేర్లయింది. పాత ధరను 1,024తో భాగించి చూపించడం వల్ల వచ్చిన అంకె అది. ఇది సరైన పద్ధతే. లేకపోతే బోనస్ ఇచ్చిన ప్రతిసారీ గీత కొండ మీది నుండి దూకినట్టు ఉంటుంది. కానీ నాన్నగారి ట్రంకు పెట్టెలో దొరికిన పాత కాగితపు షేరు సర్టిఫికెట్టు మీద ధర ఒకటి, కంప్యూటరులో ధర ఒకటి ఉంటే, పిల్లలు కాగితాన్నే అనుమానిస్తున్నారు. ఆ కాగితాన్ని మాత్రం పారేయకండి.

మ్యూచువల్ ఫండ్ యాప్‌ల సంగతికి వద్దాం. మన చదువరులలో ఎక్కువమంది వాడేవి ఇవే. నెలకు వెయ్యి చొప్పున పన్నెండు నెలలు కట్టారు, మొత్తం పన్నెండు వేలు. ఏడాది తిరిగేసరికి విలువ 12,600 అయింది. ఒక యాప్ "5 శాతం" అంటుంది. ఇంకొకటి "9.4 శాతం" అంటుంది. ఆరు వందలు పన్నెండు వేలలో అయిదు శాతమే, అందుచేత మొదటిది నిజం. కానీ మొదటి వెయ్యి పన్నెండు నెలలు పని చేసింది, చివరి వెయ్యి ఒక్క నెలే పని చేసింది. ఆ సంగతిని లెక్కలోకి తెచ్చి ఏడాది వడ్డీలాగా చెబితే సుమారు 9.4 అవుతుంది. దీనినే ఎక్స్.ఐ.ఆర్.ఆర్. అంటారు. బ్యాంకు వడ్డీతో పోల్చదలచినవారు ఈ రెండవ అంకెనే చూడాలి.

ఇదే తేడా ఎక్కువ ఏళ్లకు తిరగబడుతుంది, మనిషిని ముంచేది అక్కడే. ఒకేసారి కట్టిన లక్ష పదేళ్లకు రెండు లక్షలయితే యాప్ పచ్చటి అక్షరాలతో "100 శాతం" అంటుంది. వినడానికి ఎంత బాగుంది! ఏడాదికి లెక్క కడితే అది 7.2 శాతం. 2020 ఏప్రిల్‌లో పి.పి.ఎఫ్.కు నిర్ణయించిన వడ్డీ 7.1. పదేళ్లపాటు మార్కెట్టు ఎగుడుదిగుడులు భరించి, రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకుని సంపాదించిన అదనం ఎంతో మీరే చూడండి. ఇంకొక సంగతి కూడా ఉంది. ఫండును సూచీతో పోల్చేటప్పుడు, సూచీలోని కంపెనీలు ఇచ్చిన డివిడెండ్లను లెక్కలో కలపకుండా పోల్చడం చాలాకాలం సాగింది. దానివల్ల ప్రతి ఫండూ ఉన్నదానికన్నా కాస్త తెలివైనదిగా కనిపించేది. 2018 ఫిబ్రవరి 1 నుండి డివిడెండ్లు కలిపిన సూచీతోనే పోల్చాలని సెబీ కట్టడి చేసింది. ఫండు కంపెనీలు మారాయి గాని, ఊరూపేరూ లేని వీడియోల్లో ఇప్పటికీ పాత పోలికలే నడుస్తున్నాయి.

సాఫ్ట్‌వేరు ఎంత మంచిదైనా, అది మన సొంతం కాదన్న సంగతి కూడా కాస్త గుర్తుండాలి. మైక్రోసాఫ్ట్ మనీ అనే ఇంటి పద్దుల సాఫ్ట్‌వేరును ఏళ్ల తరబడి వాడినవారు ఎందరో ఉండగా 2009లో దాని అమ్మకం ఆపేశారు. 2017 నవంబరులో గూగుల్ ఫైనాన్స్ తన పోర్ట్‌ఫోలియో సదుపాయాన్ని తీసివేసింది. అందులో కొన్న తేదీలు, ధరలు రాసుకున్నవారు గడువులోగా దించుకోవలసి వచ్చింది. పెద్దవారికీ ఈ బాధ తప్పలేదు. 2015 ఏప్రిల్ 17న బ్లూంబర్గ్ టెర్మినళ్లు కొన్ని గంటలు ఆగిపోతే బ్రిటన్ ప్రభుత్వం ఆ రోజు జరపవలసిన అప్పుపత్రాల అమ్మకాన్నే వాయిదా వేసుకుంది. కొన్న తేదీ, ధర, సంఖ్య, ఖాతా నంబరు, ఈ నాలుగూ ఒక లాంగ్ నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టుకునే ఇల్లాలిని చూసి పిల్లలు నవ్వుతారు. ఇంటి యజమాని హఠాత్తుగా కన్నుమూసినప్పుడు, ఆయన ఫోను తాళం ఎవరికీ తెలియనప్పుడు, ఆ నోటుబుక్కే దిక్కు.

ఇంతవరకు చెప్పినవన్నీ నిజమైన సాఫ్ట్‌వేర్ల సంగతులు. వాటిలో అంకె ఎక్కడినుండో ఎత్తి రాసినదో, లెక్క కట్టినదో అయి ఉంటుంది. మూడవ రకం ఒకటి వచ్చింది, దానిలో అంకె కేవలం గీసిన బొమ్మ. ఈ నెల ఈ విషయం ఎత్తుకోవడానికి అసలు కారణం ఇదే.

జరిగే తీరు అన్నిచోట్లా ఒకలాగే ఉంటుంది. ఒక వాట్సాప్ గుంపులో మన నంబరు చేరుతుంది. మన సంఘంవారే, మన బంధువులే ముందుగా చేరి ఉంటారు గనుక అనుమానం రాదు. "ప్రొఫెసర్" అని పిలిపించుకునే ఒకాయన రోజూ షేర్ల పాఠాలు చెబుతాడు. గుంపులో పదిమంది తమకు వచ్చిన లాభాల ఫొటోలు పెడతారు. ఆ పదిమందిలో చాలావరకు అతని మనుషులే. కొన్నాళ్లకు ఒక లింకు వస్తుంది. దానితో దించుకున్న యాప్ అచ్చం పేరున్న బ్రోకరు యాప్‌లాగే ఉంటుంది, అవే రంగులు, అవే గీతలు, నిఫ్టీ కూడా నిజమైన నిఫ్టీయే కదులుతూ ఉంటుంది. యాభై వేలు పంపితే వారంలో డెబ్బై వేలని చూపిస్తుంది. పరీక్షకని అయిదు వేలు వెనక్కి తీసుకుంటామంటే వెంటనే ఇస్తారు. ఆ అయిదు వేలే గాలానికి గుచ్చిన ఎర. తరువాత ఫిక్సెడ్ డిపాజిట్లు విరిచి లక్షలు పంపుతారు. తెర మీద కోటి అని పడుతుంది. తీసుకోబోతే "ముందు పన్ను కట్టండి", "ఖాతా విడుదల రుసుము కట్టండి" అంటారు. కట్టినకొద్దీ ఇంకొకటి.

విదేశీ సంస్థల కోటాలో మీకు షేర్లు ఇప్పిస్తామనే ఇలాంటి యాప్‌ల గురించి సెబీ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరిక జారీ చేసింది. అటువంటి దారి మన దేశంలో నివసించేవారికి మామూలుగా లేనే లేదు. అయినా డాక్టర్లు, ఇంజనీర్లు, రిటైరయిన బ్యాంకు ఉద్యోగులు కూడా ఇందులో చిక్కారు. వారిని తెలివితక్కువవారని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. నిజమైన యాప్‌లో పచ్చ అంకె చూసి సంతోషించడానికి అలవాటు పడిన కన్ను, దొంగ యాప్‌లో పచ్చ అంకె చూసినా అలాగే సంతోషిస్తుంది. కంటికి తేడా ఏమి తెలుస్తుంది?

తేడా తెర మీద కాదు, డబ్బు వెళ్లే దారిలో ఉంది. నిజమైన బ్రోకరుకు పంపే సొమ్ము ఆ సంస్థ పేరనున్న ఖాతాకే వెళుతుంది. దొంగలు రోజుకొక మనిషి పేరు, ఊరూపేరూ లేని ట్రేడర్స్ పేరు ఇస్తారు. 2025 అక్టోబరు 1 నుండి సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు యు.పి.ఐ. ద్వారా సొమ్ము తీసుకోవడానికి "వ్యాలిడ్" అనే మాటతో కూడిన ప్రత్యేకమైన చిరునామాలు వాడాలని ఏర్పాటయింది. సొమ్ము పంపే ముందు ఆ ఖాతా, ఆ చిరునామా నిజమైనవో కావో చూసుకోవడానికి "సెబీ చెక్" అనే సాధనాన్ని కూడా ఇచ్చారు. పంపిన తరువాత అనుమానం వస్తే సిగ్గుపడి దాచకండి. 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోను చేస్తే, ఆ డబ్బు ఇతర ఖాతాల్లోకి దాటిపోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. భర్త తిడతాడని భార్య, కొడుకు దెప్పుతాడని తండ్రి రెండు రోజులు ఊరుకుంటే, ఆ రెండు రోజులే దొంగకు చాలు.

మరి ఇంటివద్ద కూర్చుని మన షేర్లు, ఫండ్లు నిజంగా ఉన్నాయో లేవో తెలుసుకోవడం ఎలా? మీరు కొన్న షేర్లు బ్రోకరు యాప్‌లో ఉండవు. అవి ఎన్.ఎస్.డి.ఎల్., సి.డి.ఎస్.ఎల్. అనే రెండు డిపాజిటరీలలో ఏదో ఒకదానిలో మీ పేరున ఉంటాయి. మొదటిది 1996లో, రెండవది 1999లో మొదలయ్యాయి. అవి మీ పాన్ నంబరు మీద ఉన్న షేర్లను, మ్యూచువల్ ఫండ్ యూనిట్లను కలిపి ఒకే పట్టికగా పంపుతాయి. లావాదేవీ జరిగిన నెలకు నెలనెలా వస్తుంది, ఏమీ జరగకపోతే ఆరు నెలలకొకసారి. దొంగ యాప్‌లో కొన్నట్టు కనిపించినది ఈ పట్టికలో ఎన్నటికీ రాదు. చాలామందికి ఇది ఈ-మెయిలులో వస్తూనే ఉంటుంది, ఎవరూ తెరవరు, ఎందుకంటే దానికి తాళం ఉంటుంది. మామూలుగా ఆ తాళం మీ పాన్ నంబరే, ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో కొట్టాలి. తెరిచాక మొదటి పేజీలో మొత్తం చూసి ఊరుకోకుండా, లోపల పేరు ఎలా రాసి ఉంది, నామినీ గడిలో ఎవరి పేరుంది అన్నవి కూడా చూడండి. ఖాతా పెళ్లికి ముందు తెరిచినదైతే అక్కడ ఇంకా అమ్మగారి పేరే ఉండవచ్చు, ఆ గడి ఖాళీగానూ ఉండవచ్చు. అలా ఉన్నవారు ఎవరి కాగితం ఎక్కడ దిద్దించుకోవాలో వచ్చే నెల రాస్తాను.